కొట్టిందా, పోసిందా? లాల్ బజార్‌లో మెడల్స్ కుట్టే షాపు

షాపు పేరు రాయను. మాస్టర్ గారే వద్దన్నారు. "పేరు రాస్తే అమ్ముకునేవాళ్లు వస్తారమ్మా, కుట్టించుకునేవాళ్లు రారు" అని. సికింద్రాబాద్ తిరుమలగిరి లాల్ బజార్‌కి వెళ్లి, ఫౌజీల యూనిఫామ్‌లు కుట్టేచోట మెడల్స్ చూసే ముసలి మాస్టర్ ఎవరని అడగండి, చూపిస్తారు. రెండు కుట్టు మిషన్లు, ఒక అద్దాల బీరువా, దాన్నిండా రిబ్బన్ చుట్టలు. కూర్చోడానికి స్టూలు కూడా లేదు. నాలాగా మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉంటారని ముందే చెప్పేస్తున్నా.

నా పని ఇదీ. మా తాత రెండో ప్రపంచ యుద్ధంలో మద్రాస్ సాపర్స్‌లో, అంటే సైన్యంలోని ఇంజనీర్ల దళంలో, ఉండి బర్మా వెళ్లొచ్చాడు. మాది తాడేపల్లిగూడెం దగ్గర, మిలిటరీ మాధవరం వైపు. అక్కడ ఇంట్లో ఓ ఫౌజీ ఉన్నాడంటే ఎవరూ వింతగా చూడరు. పాత ఫొటో ఒకదాంట్లో తాత ఛాతీ మీద నాలుగు మెడల్స్ కనిపిస్తాయి. వరసగా 1939-45 స్టార్, బర్మా స్టార్ (ఈ రెండూ నక్షత్రం ఆకారపు మెడల్స్), వార్ మెడల్, ఇండియా సర్వీస్ మెడల్. ఇప్పుడు మా దగ్గరున్నవి చివరి రెండే, తెల్లలోహం బిళ్లలు. స్టార్లు రెండూ పసుపు రంగువి కాబట్టి మా మామ్మ లెక్కలో అవి ఇత్తడి సామాన్లు. పండగొస్తే దీపపు కుందులతో పాటు వాటినీ చింతపండు పెట్టి తోమేది. తాత పోయాక ఓ ఏడాది, చిల్లుపడ్డ బిందెతో పాటు అవీ పాత సామాన్లవాడి తూకంలోకి వెళ్లిపోయాయి.

ఆ లోటు తీరుద్దామని ఆన్‌లైన్‌లో ఒక బర్మా స్టార్ కొన్నాను. 4,500 రూపాయలు. "ఒరిజినల్, ఫౌజీ కుటుంబం నుంచి" అని రాశాడు అమ్మినవాడు. 31 ఏళ్లు బ్యాంకులో క్యాష్ కౌంటర్ మీద కూర్చున్నదాన్ని. దొంగనోటు నా వేళ్లకే తెలిసిపోయేది. ఆ ధీమాతోనే కొన్నా. మిగిలిన 1939-45 స్టార్ కూడా దొరికితే సెట్టు మొత్తం కుట్టించి హాల్లో పెట్టుకోవాలని ప్లాను.

మాస్టర్ గారు కళ్లజోడు తీసి, కంసాలులు పెట్టుకునే భూతద్దం కంటికి బిగించారు. నిమిషం కూడా పట్టలేదు.

"ఇది కొట్టింది కాదమ్మా, పోసింది."

అసలు స్టార్ చేసేటప్పుడు లోహపు రేకుని అచ్చుల మధ్య పెట్టి మిషన్‌తో గట్టిగా కొడతారు. నకలు చేసేవాడు అసలుదాని మీద మూస తీసి, అందులో లోహం కరిగించి పోస్తాడు. నాదాంట్లో అక్షరాలు మొద్దుబారి ఉండటమే గుర్తన్నారు. నేను వదల్లేదు. అక్షరాలు మొద్దుబారి ఉన్నాయంటారు, ఎవరో మా మామ్మలాగే చింతపండుతో తోమి ఉండొచ్చు కదా అన్నాను. ఆయనకి ఆ ప్రశ్న నచ్చినట్టుంది. బీరువాలోంచి తన సొంత బర్మా స్టార్ తీసి నాదాని పక్కన పెట్టి, భూతద్దం నా చేతికిచ్చారు. అదీ బాగా తోమిందే. కిరీటం మీద గీతలు అరిగిపోయాయి. కానీ మధ్యలో రాజుగారి అక్షరాల మొదట్లో, వేలూ గుడ్డా దూరని ఆ సందుల్లో, అంచులు కత్తితో చెక్కినట్టున్నాయి. తోమితే ఎత్తుగా ఉన్నదే అరుగుతుంది, లోతులో ఉన్నది అలాగే ఉంటుంది. నాదాంట్లో ఎత్తూ పల్లం అన్నీ ఒకేలా మెత్తగా, స్నానం చేసిన సబ్బు మీద పేరులా ఉన్నాయి. పైగా అక్షరాల మధ్య సూదిమొనంత గుంటలు. పోసినప్పుడు గాలి బుడగలు మిగిల్చినవట.

తర్వాత వెర్నియర్‌తో, అంటే సన్నటి కొలతలు చూసే స్కేలుతో, కొలిచారు. అసలుది 44 మిల్లీమీటర్ల ఎత్తు, 38 వెడల్పు. నాది ఎత్తులో ఒకటిన్నర మిల్లీమీటరు తక్కువ. పోసిన లోహం చల్లారితే కుంచించుకుపోతుంది కాబట్టి నకలు ఎప్పుడూ పిసరంత చిన్నదే.

ఆఖరున బీరువా పక్కకి తీసుకెళ్లి రిబ్బన్ మీద నీలం టార్చి వేశారు. నాకు నవ్వొచ్చింది. మా కౌంటర్ కింద నోట్లు చూసే లైటే అది! అక్కడ కాగితం తెల్లగా మెరిస్తే అనుమానం, ఇక్కడ దారం మెరిస్తే అనుమానం. యుద్ధం నాటి రిబ్బన్ దారం ఆ వెలుగులో మెరవదు. ఈకాలం దారాల్లో తెలుపు కోసం కలిపేవి మెరుస్తాయి. నాది ట్యూబ్‌లైట్‌లా వెలిగింది. అయితే దీన్ని మాత్రం రుజువుగా తీసుకోవద్దన్నారు. చిరిగిన రిబ్బన్ మార్చుకోవడం మామూలే కాబట్టి, అసలు మెడల్‌కి కొత్త రిబ్బన్ ఉండొచ్చు.

నాన్నగారి 1971 సంగ్రామ్ మెడల్ కూడా చూపించాను. దాని అంచు చుట్టూ నంబరు, పేరు కొట్టి ఉంటాయి. మా ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు. ఇదీ నకిలీయేనా అని టెన్షన్ పడ్డాను. ఆయన పకపకా నవ్వారు. "దొంగసరుకు చేసేవాడు కాగితం చూసి కరెక్టుగా కొడతాడమ్మా. స్పెల్లింగ్ తప్పు కొట్టేది సర్కారే." నాన్న పెన్షన్ కాగితాల్లో అదే తప్పు సరిచేయించడానికి మేం తిరిగిన తిరుగుడు గుర్తొచ్చి నేనూ నవ్వాను.

సరే, నకలైతే నకలే, దాని వెనకాల తాత పేరు చెక్కి పెట్టండి అన్నాను. అక్కడ పేచీ వచ్చింది. చెక్కనన్నారు. డబ్బు ఎక్కువిస్తానన్నా చెక్కనన్నారు. బ్రిటిష్ ప్రభుత్వం ఈ స్టార్ల మీద పేర్లు కొట్టకుండానే ఇచ్చింది, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా వాళ్లు మాత్రం తమవాళ్లకి కొట్టి ఇచ్చారు. అందుకే వెనక నున్నగా ఉన్న స్టార్ ఎవరిదో చెప్పడం కష్టం, పేరున్నదానికి ధర ఎక్కువ. "ఇవాళ మీ తాత పేరు చెక్కుతా. రేపు మీ మనవడు అమ్ముకుంటాడు. ఎల్లుండి ఎవడో దీన్ని 40,000కి కొని, మీ తాత మెడల్ నా దగ్గరుందంటాడు." నాకు కోపం వచ్చింది. మా మనవడికి నాలుగేళ్లు. ఇంటికి వచ్చి రాత్రంతా ఆలోచిస్తే ఆయనదే కరెక్టనిపించింది.

రెండోసారి వెళ్లినప్పుడు ఒక కుర్రాడు మొదటి ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ తెచ్చాడు. వెండిది, ఐదో జార్జి తలకాయ ఉన్నది. ఏదో పాత సామాన్ల బజార్లో కొన్నాడట. మా ఊళ్లో అలాంటివి చాలా మటుకు కంసాలి దగ్గర కరిగి పిల్లల మొలతాళ్లు అయ్యాయని పెద్దవాళ్లు చెప్పేవారు. మాస్టర్ గారు దాన్ని అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా కొలిచారు. ఎటు కొలిచినా 36 రావాలి. ఒకవైపు తగ్గింది. అంచు మీది పాత పేరు అరగదీసి కొత్త పేరు కొట్టారన్నమాట. లండన్ వేలానికి పంపిస్తే ఎంతొస్తుందని ఆ అబ్బాయి అడిగాడు. వందేళ్లు దాటిన ఇలాంటి వస్తువుని సొంతంగా దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం నేరమని చెప్పి, టీ తెప్పించి పంపేశారు.

ఇక కుట్టే పని. మెడల్స్ ఊగేలా వేలాడదీయొచ్చు, లేదా వెనక బోర్డుకి రిబ్బన్ చుట్టి కదలకుండా కుట్టొచ్చు. ఊగితే ఒకదానికొకటి తగిలి గీతలు పడతాయని రెండోదే చేయించారు. నకలు స్టార్ పెట్టనన్నాను. అప్పుడు ఆయనే ఇలా చేశారు: బోర్డు నాలుగింటికీ సరిపడా కోసి, మొదటి రెండు చోట్లా రిబ్బన్లు మాత్రం కుట్టారు. ముదురు నీలం, ఎరుపు, లేత నీలం ఉన్న 1939-45 రిబ్బన్. మధ్యలో ఎర్రచార, రెండువైపులా నీలం మీద నారింజ గీతలున్న బర్మా రిబ్బన్. వాటి కింద ఏమీ లేదు. ఆ పక్కన తాత బిళ్లలు రెండూ కదలకుండా ఉన్నాయి. కుట్టు ఎక్కడా పైకి కనబడదు, నాలుగు రిబ్బన్ల కింది అంచులూ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే వరసలో ఉన్నాయి.

కుట్టినందుకు 1,200 తీసుకున్నారు. పరీక్ష చేసినందుకు పైసా తీసుకోలేదు. బిల్లు ఇవ్వరు, ఫోన్‌పే లేదు, నగదే. నాలుగు రోజులన్నది 19 రోజులు పట్టింది, మూడుసార్లు తిప్పారు. ఫోన్ చేస్తే ఎత్తరు. షాపుకి రేటింగ్ అయిదు స్టార్లకి నాలుగు ఇస్తున్నా. తగ్గించిన ఆ ఒక్కటీ ఆ 19 రోజులకి.

తీసుకెళ్లేముందు మెడల్స్ తోమకండి, చింతపండుతోనే కాదు, పాలిష్‌తో కూడా. పాత ఫొటో ఉంటే పట్టుకెళ్లండి, ఏది ముందో ఏది వెనకో దాన్ని చూసే సరిచేస్తారు. శుక్రవారం మధ్యాహ్నం షాపు మూసి ఉంటుంది. నాకు తెలియక వెళ్లి, ఎదురుగా ఉన్న హోటల్లో రెండు చాయ్‌లు తాగి తిరిగొచ్చాను.