బధిర విద్యా చరిత్రపై ఆన్‌లైన్ కోర్సు: విషయం గొప్పది, చేతులే కనిపించలేదు

బధిర విద్యా చరిత్రపై ఒక సంస్థ అందిస్తున్న ఎనిమిది వీడియో పాఠాల ఆన్‌లైన్ కోర్సును ఇటీవల పూర్తిచేశాను. విషయానికి మంచి మార్కులే వేస్తాను గాని, దానిని అందించిన తీరును మెచ్చుకోలేను.

18వ శతాబ్దపు పారిస్‌లో బధిరులకు పాఠశాల నడిపిన మతగురువు అబే ద లెపే, బధిరులు తమలో తాము అప్పటికే వాడుకుంటున్న సంజ్ఞలను బోధనకు ఆధారం చేసుకున్నాడనీ, అయితే వాటికి ఫ్రెంచి వ్యాకరణాన్ని తొడగబోయి వాటిని బరువెక్కించాడనీ అధ్యాపకుడు చక్కగా వివరించారు. ఆ పాఠశాలలోనే చదివి, అక్కడే బోధించిన బధిరుడు లారాన్ క్లెర్, థామస్ గాలడెట్‌తో కలిసి 1817లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పాఠశాలను నెలకొల్పిన ఘట్టం మాత్రం రెండు నిమిషాల్లో ముగిసిపోయింది.

కోర్సు సత్తా తెలిసేది ఐదో పాఠంలో. 1880లో ఇటలీలోని మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ బధిర విద్యా మహాసభకు వచ్చిన 164 మంది ప్రతినిధులలో బధిరుడు ఒక్కడే. సంజ్ఞల కన్నా నోటి మాటే మేలని ఆ సభ తీర్మానించింది. ఆ తరువాత అనేక దేశాల్లో బధిర ఉపాధ్యాయులు కొలువులు కోల్పోవడం, చేతులు కదిపిన పిల్లలు దండన పొందడం, పాఠాలకు దక్కవలసిన కాలమంతా ఉచ్చారణ సాధనకే పోవడం, ఇవన్నీ ఆవేశపడకుండా, వివరంగా చెప్పారు. సంజ్ఞా భాషకూ సొంత నిర్మాణం ఉందని 1960లో అమెరికన్ భాషావేత్త విలియం స్టోకీ నిరూపించడం, మిలాన్ తీర్మానాలను 2010లో కెనడాలోని వాంకోవర్‌లో జరిగిన బధిర విద్యా మహాసభ తిరస్కరించడం తరువాతి పాఠాల్లో వస్తాయి.

ఇంత చెప్పిన కోర్సులో సంజ్ఞా భాషా అనువాదకుడు ఎక్కడా లేడు. యంత్రం రాసిన సబ్‌టైటిళ్లలో ‘బధిర విద్య’ పలుమార్లు ‘మధుర విద్య’ అయింది (నవ్వుకున్నాను, కాని చదివి మాత్రమే తెలుసుకోవలసినవారికి అది నవ్వులాట కాదు). సంజ్ఞా భాషను కాపాడుకోవాలంటూ 1913లో అమెరికన్ బధిర నాయకుడు జార్జ్ వెడిట్జ్ ఆ భాషలోనే చేసిన ప్రసంగపు చిత్రాన్ని చూపినప్పుడైతే, తెర నిండాలని ముఖాన్ని పెద్దది చేసి, ఆయన చేతులను కత్తిరించి, పైన వ్యాఖ్యానం వినిపించారు. నాతోపాటు చేరిన బధిర మిత్రుడు మూడో పాఠంతోనే మానేశాడు గనుక ఆ దృశ్యం అతని కంట పడలేదు.

ఫిర్యాదు చేస్తే, మార్పులను పరిశీలిస్తామని బదులిచ్చారు. వినగలిగినవారు నిస్సందేహంగా చేరవచ్చు. సబ్‌టైటిళ్లను మనుషులు సరిదిద్ది, ఆ చిత్రాన్ని పూర్తిగా చూపేవరకు నా రేటింగు ఐదుకు రెండు నక్షత్రాలే.