అజాన్ గడియారం: కొన్నాక ముందుగా సరిచేసుకోవలసినవి

బందరులో మా ఇల్లు మసీదుకు దూరం. వినికిడి తగ్గిన అమ్మకు అజాన్ అందడం లేదని, పోయిన రంజానుకు ముందు హైదరాబాదు వెళ్లినప్పుడు చార్మినారు దగ్గర ఒక దుకాణంలో 1,800 రూపాయలు పెట్టి అజాన్ గడియారం కొన్నాను.

మా పాత గడియారం ఐదు పూటలకూ ఒకే అజాన్ వినిపించేది. ఇందులో తెల్లవారుజామున చేసే ఫజర్‌కు మాత్రం "అస్సలాతు ఖైరుమ్ మినన్ నౌమ్", అంటే నిద్రకన్నా నమాజు మేలు అనే మాట రెండుసార్లు వస్తుంది. అది చెవిన పడగానే అమ్మ మంచం పట్టె పట్టుకుని లేచి, గోడ ఆసరాతో వుజూ (నమాజుకు ముందు కాళ్లు చేతులు, ముఖం కడుక్కోవడం) చేయడానికి కొళాయి దగ్గరకు నడుస్తుంది. పెట్టిన డబ్బుకు నాకు ఆ ఒక్కటి చాలు.

అయితే వేళలు లెక్కకట్టడానికి గడియారంలో ఇచ్చిన ఊళ్ల జాబితాలో బందరు లేదు. హైదరాబాదు పెట్టుకుంటే సరిపోతుందని దుకాణదారు చెప్పారు, అది పొరపాటు. నమాజు వేళలు సూర్యుణ్ణి బట్టి మారతాయి. బందరు హైదరాబాదుకు రెండున్నర డిగ్రీలకు పైగా తూర్పున ఉంది కనుక, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ వేళలు సుమారు 10 నిమిషాలు ముందే వస్తాయి. సూర్యాస్తమయపు నమాజు మగ్రిబ్ ఆలస్యంగా పలికితే ఇఫ్తార్ కాస్త ఆలస్యమవుతుంది, అంతకుమించి నష్టం లేదు. తెల్లవారకముందు తినే సహరీ విషయం అలా కాదు. గడియారాన్ని నమ్మి తింటూ కూర్చుంటే, ఫజర్ వేళ ప్రవేశించాక కూడా తిన్నట్టవుతుంది, ఆ రోజా (ఉపవాసం) చెల్లదు. అందుచేత ఊరి పేరు వదిలేసి, అక్షాంశం 16.2, రేఖాంశం 81.1 అని అంకెలు వేసి సరిచేశాను.

లెక్క పద్ధతి కూడా మార్చుకోవాలి. మాకు వచ్చినప్పుడు అది మక్కా వారి ఉమ్ముల్ ఖురా పద్ధతిలో ఉంది. దాని ప్రకారం మగ్రిబ్ తరువాత 90 నిమిషాలకు గానీ రాత్రి నమాజు ఇషా రాదు. మన దేశంలో ఎక్కువగా పాటించే కరాచీ పద్ధతిలో, సూర్యుడు క్షితిజానికి 18 డిగ్రీలు దిగువకు చేరగానే ఇషా వేళ అవుతుంది. సాయంత్రపు నమాజు అసర్‌ను హనఫీ (ఇస్లాములో ఒక ధర్మశాస్త్ర సంప్రదాయం) పద్ధతికి మార్చకపోతే, మా వీధి మసీదుకన్నా దాదాపు గంట ముందే పలుకుతుంది, ఎందుకంటే హనఫీలు వస్తువు నీడ దాని ఎత్తుకు రెండింతలయ్యే దాకా ఆగుతారు.

సూచనల పుస్తకం ఇంగ్లీషులో, అరబ్బీలో మాత్రమే ఉంది, అదీ కంటికి ఆనని అక్షరాలతో. శబ్దం ఎంత తగ్గించినా పక్క గదిలో పసిబిడ్డ లేస్తోంది. హిజ్రీ (ఇస్లామీ చాంద్రమాన) తేదీ మనకన్నా ఒక రోజు ముందు చూపిస్తుంది కానీ, దాన్ని వెనక్కి జరుపుకునే వీలుంది. కరెంటు పోయినా బ్యాటరీలతో ఆగకుండా నడుస్తోంది.

కొన్నవారు తమ మసీదు గోడ మీది వేళల పట్టికను ఫోన్‌లో ఫోటో తీసుకుని, వారం రోజులు గడియారంతో పోల్చి చూడండి. రంజానుకు ముందే ఆ పని చేయండి. మా ఇంట్లో ఇప్పుడు పట్టికకూ గడియారానికీ ఒక్క నిమిషం మించి తేడా రావడం లేదు.