సీ10 పికప్‌కి ఏది మేలు: క్రౌన్ పినియన్ మార్చడమా, ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్సా, ఎల్‌ఎస్ ఇంజినా?

1967–72 చెవ్రొలే సీ10 ఊళ్లో చక్కగా నడుస్తుంది. ఫ్రీవే ఎక్కగానే గొంతు చించుకుంటుంది. చాలామంది తప్పు ఇంజిన్ మీదికి నెట్టి, దాన్నే మార్చాలని బయల్దేరతారు. నిజానికి గోల గేర్లది. టాప్ గేర్ 1:1, వెనక హౌసింగ్‌లో (ఇరుసు పెట్టెలో) ఉండే క్రౌన్ పినియన్ గేర్ల జత రేషియో 3.73 లేదా 4.11, అంటే చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే షాఫ్ట్ అన్ని చుట్లు తిరగాలి. 28 అంగుళాల టైరుతో లెక్క వేస్తే, కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని నూనె ద్వారా ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి అందించేది) జారుడు పక్కన పెట్టి, ఇలా వస్తుంది (టీహెచ్350 అంటే పాత మూడు గేర్ల ఆటోమేటిక్, 700ఆర్4 అంటే నాలుగు గేర్ల ఓవర్‌డ్రైవ్ ఆటోమేటిక్):

| గేర్‌బాక్స్ + వెనక రేషియో | 65 మైళ్ల వేగంలో ఆర్‌పీఎం | మొదటి గేరులో మొత్తం రేషియో |
|---|---|---|
| టీహెచ్350 + 4.11 | 3,200 | 10.4 |
| టీహెచ్350 + 3.07 | 2,400 | 7.7 |
| 700ఆర్4 + 4.11 | 2,240 | 12.6 |
| 700ఆర్4 + 3.73 | 2,040 | 11.4 |
| 700ఆర్4 + 3.07 | 1,680 | 9.4 |

మీ బండికి లెక్క కట్టుకోవాలంటే: మైళ్ల వేగం × రేషియో × 336, దాన్ని టైరు ఎత్తు అంగుళాలతో భాగించాలి. 700ఆర్4 ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ కంటే షాఫ్ట్ వేగంగా తిరిగే పై గేరు) ఉంటే మళ్లీ 0.70తో గుణించాలి.

డబ్బు తియ్యకముందే వెనక ఏ రేషియో ఉందో తేల్చుకోండి. గ్లవ్ బాక్స్ తలుపు లోపల స్టిక్కర్ మిగిలి ఉంటే అందులో ఉంటుంది. కానీ యాభై ఏళ్లలో హౌసింగ్ ఎవరైనా మార్చి ఉండొచ్చు, కాబట్టి చేత్తో లెక్కపెట్టడమే ఖాయం. ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి, పార్కింగ్ బ్రేక్ వదిలి, వెనక ఒక్క చక్రాన్నే ఎత్తి స్టాండ్ మీద నిలపండి. టైరు మీదా ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదా సుద్దతో గీత పెట్టి, టైరును సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. షాఫ్ట్ మూడు చుట్లు దాటి ముప్పావు దగ్గర ఆగితే 3.73, నాలుగు దాటి కాస్త ముందుకెళ్తే 4.11. (ఇది మామూలు డిఫరెన్షియల్‌కే. లాకింగ్ రకమైతే రెండు చక్రాలూ ఎత్తి ఒక్క చుట్టు తిప్పాలి.)

ఇప్పుడు క్రౌన్ పినియన్ సంగతి. కాగితం మీద ఇదే చవక: సామాను, బేరింగులు, కూలి కలిపి సుమారు వెయ్యి డాలర్లు. మెలిక ఎక్కడంటే, 8⅞ అంగుళాల ట్రక్ 12-బోల్ట్ హౌసింగ్‌లో 4.11 మోసే క్యారియర్ (క్రౌన్ గేరు బిగించే డిఫరెన్షియల్ చట్రం) మీద 3.07 రింగు, అంటే క్రౌన్ గేరు, కూర్చోదు. క్యారియర్ కూడా కొనాలి. పైగా ఇది ఇంట్లో మొదటిసారి ప్రయత్నించే పని కాదు. షిమ్ములతో (పల్చటి రేకులతో) పినియన్ లోతు కుదరాలి, క్రష్ స్లీవ్‌ను (పినియన్ బేరింగుల మధ్య నలిగే గొట్టాన్ని) కొంచెం కొంచెంగా నలపాలి, బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య సందు) అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన ఆరు నుంచి పది మధ్య నిలవాలి. స్లీవ్ ఒకసారి ఎక్కువ నలిగితే వెనక్కి వదులు చేసి సరిపెట్టుకోవడం ఉండదు, కొత్తది వెయ్యాల్సిందే. లోతు తప్పితే 50 మైళ్ల దగ్గర సన్నటి ఏడుపు మొదలై ఎప్పటికీ పోదు.

అంతా కుదిరినా పట్టికలో రెండో వరుస చూడండి: మొదటి గేరు 7.7కి పడిపోయింది. బెడ్‌లో బరువుంటే సిగ్నల్ దగ్గర బండి ఈడ్చుకుంటూ కదులుతుంది. సరుకు మోయని బండికి, దగ్గర్లో అదే తరం ట్రక్ నుంచి తీసిన 3.07 హౌసింగ్ మొత్తంగా దొరికితే మాత్రం ఇదే మంచి బేరం. 1973 తర్వాతి హౌసింగ్ చవగ్గా ఇస్తున్నారని కొనకండి. అది లీఫ్ స్ప్రింగులది, సీ10 వెనక ఎక్కువగా కాయిల్ స్ప్రింగులూ ట్రెయిలింగ్ ఆర్మ్‌లూ ఉంటాయి. పాత పట్టీలు కోసి కొత్తవి వెల్డింగ్ చేసేసరికి మిగిలిందేమీ ఉండదు.

స్మాల్ బ్లాక్ వీ8 ఉండి, వెనక 3.73 లేదా 4.11 ఉంటే నా ఓటు 700ఆర్4కే. మొదటి గేరు 3.06, నాలుగోది 0.70. రెండు చివర్లా లాభమే. కంప్యూటర్ అక్కర్లేదు. దీని ఎలక్ట్రానిక్ రూపం 4ఎల్60ఈ ఇంకా చవగ్గా దొరుకుతుంది గానీ, కార్బ్యురేటర్ బండికి దాన్ని నడిపే కంట్రోలర్ ఖరీదు ఆ తేడాని మింగేస్తుంది. 1987, ఆ తర్వాత వచ్చిన 700ఆర్4 వెతకండి. తొలినాళ్ల వాటిలో ఇన్‌పుట్ షాఫ్ట్ 27 పళ్లది, బలహీనం. పాత స్పీడో కేబుల్ తగిలే టెయిల్ హౌసింగ్ ఉందో లేదో కూడా చూసుకోండి. రీబిల్డ్ చేయించి, చిల్లర సామాను కలిపితే రెండు వేల నుంచి రెండున్నర వేల డాలర్లు.

బిగింపులో టీహెచ్350కీ దీనికీ తేడా కొంచెమే. మౌంట్ రెండంగుళాల పైచిలుకు వెనక్కి వెళ్తుంది, క్రాస్‌మెంబర్ జరపాలి. యోక్ (షాఫ్ట్ చివర గేర్‌బాక్స్‌లోకి దూరే ముక్క) పాతదే సరిపోతుంది, రెండింటి అవుట్‌పుట్ షాఫ్ట్‌కీ 27 పళ్లే. పాత గేర్‌బాక్స్ టెయిల్ ఆరంగుళాలదైతే షాఫ్ట్ మూడంగుళాలు కోయించాలి, తొమ్మిదంగుళాలదైతే దాదాపు అలాగే వాడొచ్చు. కొలత మాత్రం బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే తియ్యండి.

మాన్యువల్ నుంచి మారుస్తుంటే క్రాంక్ చివర ఉన్న కంచు పైలట్ బుష్ పీకాలి, లేకపోతే కన్వర్టర్ ముక్కు లోపలికి దిగదు. ఫ్లెక్స్ ప్లేట్ (కన్వర్టర్‌ను క్రాంక్‌కి కలిపే పల్చటి పళ్లెం) 1986కి ముందు ఇంజిన్లదే కావాలి, తర్వాతివాటికి క్రాంక్ బోల్టుల అమరికే వేరు. కన్వర్టర్ పూర్తిగా కూర్చుందో లేదో ఇలా తెలుస్తుంది: గేర్‌బాక్స్‌ను ఇంజిన్‌కి ఆనించాక కన్వర్టర్ చేత్తో తిరగాలి, ఫ్లెక్స్ ప్లేట్‌కీ దానికీ మధ్య ఎనిమిదో వంతు అంగుళానికి తగ్గని సందు ఉండాలి. సందు లేదని బోల్టులతో లాగి బిగించారంటే పంపు పగిలినట్టే.

ఇంతా చేసి 700ఆర్4ని చంపేది టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్. థ్రాటిల్‌ని బట్టి లోపలి నూనె ప్రెషర్ పెంచేది అదే. వదులుగా ఉంటే గేర్లు తొందరగా, మెత్తగా పడతాయి. నడిపేవాడికి హాయిగానే ఉంటుంది, లోపల మాత్రం మూడో, నాలుగో గేర్ల క్లచ్ ప్లేట్లు జారి కాలిపోతుంటాయి. పెడల్ పూర్తిగా నొక్కినప్పుడు కేబుల్ కూడా పూర్తిగా బయటికి రావాలి. ఎడెల్‌బ్రాక్, హోలీ కార్బ్యురేటర్లకు లింకేజీ కోణం సరిచేసే బ్రాకెట్ విడిగా దొరుకుతుంది. అక్కడ ఆదా చెయ్యొద్దు. కన్వర్టర్ లాకప్ (జారకుండా పట్టేసే ఏర్పాటు) వైరు కలపడం, ముందు కూలర్ పెట్టడం కూడా తప్పనిసరి. లాకప్ లేకుండా ఓవర్‌డ్రైవ్‌లో నడిపితే నూనె వేడెక్కి మాడుతుంది.

ఇప్పటికే వెనక 3.07 ఉన్నవారికి ఓవర్‌డ్రైవ్ దండగ. 1,680 ఆర్‌పీఎం దగ్గర పాత 307 (క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజిన్) గునుస్తుంది.

5.3 లీటర్ల ఎల్‌ఎస్ (జీఎం కొత్త తరం వీ8 ఇంజిన్) జంక్‌యార్డ్‌లో చవకే. అసలు కంటే కొసరు ఎక్కువ అనేది ఇక్కడ అక్షరాలా నిజం. ఇంధనం 58 పీఎస్‌ఐ ప్రెషర్‌తో రావాలి, ఈ బండ్లలో ట్యాంకేమో క్యాబిన్ లోపల సీటు వెనక ఉంటుంది. వైరింగ్, దొంగతనం లాక్ తీసేసిన కంప్యూటర్, క్రాస్‌మెంబర్ కింద వేలాడని ఆయిల్ పాన్, ఫ్రేముకి తగలని ఏసీ కంప్రెసర్ బ్రాకెట్… తడిసి మోపెడై ఆరు వేల డాలర్లు దాటడం మామూలు. పైగా 1970 దాకా నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులే. ముందు డిస్కులు వచ్చింది 1971లో. ఆ డ్రమ్ముల మీద దాదాపు 300 గుర్రాల బలం పెట్టడం నాకు నచ్చదు.

250 స్ట్రెయిట్ సిక్స్ ఇంజిన్‌తో (ఆరు సిలిండర్లూ ఒకే వరుసలో) మూడు గేర్ల కాలమ్ షిఫ్ట్ (స్టీరింగ్ దగ్గర గేర్ రాడ్) ఉన్నవారి దారి వేరు. ఎస్10 పికప్‌లోని టీ5 ఐదు గేర్ల బాక్స్ చూడండి. గేర్ రాడ్ ముందుకి ఉండటంతో బెంచ్ సీటుకి అడ్డం రాదు. మొదటి గేరు 4.03 ఉన్న రకమైతే 3.73తో బరువు బాగా లాగుతుంది. సిక్స్ టార్క్‌కి ఆ బాక్స్ చాలు. ట్రెయిలర్ లాగేవారు మాత్రం బరువైన ఎన్‌వీ3500 గేర్‌బాక్స్‌కి వెళ్లాలి, అందులో సింక్రోమెష్ నూనె తప్ప జీఎల్-5 గేర్ నూనె పొయ్యకూడదు.