బానిసత్వం ముగిసిన రోజు: సెలవు మేలా, సభ మేలా?

బానిసత్వం రద్దయిన రోజున దేశమంతటికీ సెలవివ్వాలా, పనులు ఆపకుండా అధికారికంగా సభ జరిపితే చాలా? ఫ్రాన్స్‌లో ఈ రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉన్నాయి.

పారిస్‌లో మే 10 స్మారక దినం. బానిసత్వాన్ని మానవాళిపై నేరంగా గుర్తించే చట్టాన్ని 2001లో సెనేట్ ఆమోదించిన తేదీ అది. లక్సెంబర్గ్ తోటలో సభ పెడతారు, నేతలు మాట్లాడతారు, ఊరు తన పనిలో తానుంటుంది. అదే ఫ్రాన్స్ ఏలుబడిలోని కరీబియన్ దీవి మార్టినీక్‌లో మే 22 సెలవు. 1848 ఏప్రిల్ 27నే పారిస్‌లో విముక్తి ఉత్తర్వు వెలువడినా, ఆ కాగితం సముద్రం దాటి వచ్చేదాకా బానిసలు ఆగలేదు. మే 22న సెయింట్ పియర్‌లో తిరగబడ్డారు. మర్నాడే గవర్నరుకు రద్దు ప్రకటించక తప్పలేదు. జనం లేచిన రోజే అక్కడ పండుగ.

సెలవిస్తే జనం నిద్రపోతారు, దుకాణాలు తగ్గింపు బోర్డులు పెడతాయి అంటారు. కాదనను. అంతకంటే పెద్ద లోపం అమెరికాలో కనిపిస్తుంది. టెక్సాస్ రాష్ట్రంలోని గాల్వెస్టన్‌లో సైన్యం 1865లో విముక్తి ఉత్తర్వు వెలువరించిన జూన్ 19ని 2021లో ఫెడరల్ సెలవు చేశారు. ఆ చట్టం ప్రైవేటు యజమానులను కట్టడి చేయదు. బ్యాంకు మూసేస్తారు, దుకాణంలో బిల్లు కొట్టే మనిషి మాత్రం డ్యూటీకి రావాల్సి ఉంటుంది. స్వేచ్ఛ పేరిట ఇచ్చే సెలవు యజమాని దయ మీద ఆధారపడటం ఏం న్యాయం?

సెలవు తీసేస్తే ఏమవుతుందో జమైకాను అడగాలి. 1838 జులై 31 రాత్రి ఫాల్మత్‌లో శవపేటికలో సంకెళ్లు, కొరడా, మెడకు వేసే ఇనుప పట్టీ పెట్టి పాతిపెట్టారు. తెల్లవారితే ఆగస్టు 1, పూర్తి విముక్తి. 1962లో స్వాతంత్ర్యం వచ్చాక ఆ సెలవును పక్కకు నెట్టి స్వాతంత్ర్య దినానికి చోటిచ్చారు. 1997లో మళ్లీ తెచ్చుకున్నారు. సభలతో సరిపోయేదైతే ఆ అవసరమే పడేది కాదు.

అందుకే నా ఓటు సెలవుకే, అదీ జీతంతో, అందరికీ. తేదీ ఎంచుకోవడంలో మాత్రం మార్టినీక్ దారి మేలు. క్యాలెండరులో ఖాళీ లేదనేవారు మారిషస్‌ను చూడాలి. బానిసత్వం రద్దయిన ఫిబ్రవరి 1న సెలవు, ఒప్పంద కూలీలు వచ్చిన నవంబరు 2న సెలవు, ఆ కూలీల్లోని తెలుగువాళ్ల వారసుల కోసం ఉగాదికీ సెలవు.