రైన్ కోటలా, ఫాల్జ్ శిథిలాలా? జర్మనీ అడవిలో నడకకు ఏది మేలు

కోటలు చూస్తూ అడవిలో నడవాలి, గుంపులు ఉండకూడదు, రైల్లో వెళ్లి రావాలి, మధ్యలో తినడానికి ఏదైనా దొరకాలి. ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్, కైజర్స్‌లౌటర్న్ వైపు ఉంటున్న మన తెలుగువాళ్లు చలి తగ్గగానే అడిగేది ఇదే. ఈ నాలుగూ ఒకేచోట దొరకడం కష్టం. రైన్ లోయకి వెళ్తే రైలు, కోటలు రెండూ ఉంటాయి కానీ జనం ఎక్కువ. నైరుతి జర్మనీలోని ఫాల్జ్ అడవికి వెళ్తే ప్రశాంతత, తిండి ఉంటాయి కానీ బస్సు కోసం పడిగాపులు పడాలి. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చి ఉంటే ఈ రెండూ కాదు, మోజెల్ నది పక్కనున్న ఎల్ట్జ్ కోట మంచిది. దాని సంగతి తర్వాత.

నా ఓటు ఫాల్జ్‌కే. ఎందుకో చెప్పాలంటే ముందు రైన్ గురించి చెప్పాలి.

రూడెస్‌హైమ్, బింగెన్ దగ్గర మొదలై కోబ్లెంజ్ దాకా సుమారు 65 కిలోమీటర్ల రైన్ లోయని యునెస్కో 2002లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఇంత చిన్న దూరంలో నలభై దాకా కోటలున్నాయి. నదిలో వెళ్లే పడవల దగ్గర సుంకం వసూలు చేసుకోవడానికి అప్పటి సంస్థానాధీశులు పోటీలు పడి కట్టుకున్నవే చాలావరకు. కుడి ఒడ్డున కొండల మీదుగా బాన్ నుంచి వీస్‌బాడెన్ దాకా 320 కిలోమీటర్ల రైన్‌స్టైగ్ అనే నడకదారి ఉంది. 2005లో తెరిచారు. నీలం పలక మీద తెల్లటి వంకర ఆర్ అక్షరం కనిపిస్తే సరైన దారిలోనే ఉన్నట్టు. ఎడమ ఒడ్డున రైన్‌బుర్గెన్‌వెగ్ అని ఇంకో దారి, అది సుమారు 200 కిలోమీటర్లు. కోబ్లెంజ్ దాటాక మైన్జ్ చేరేదాకా నది మీద ఒక్క వంతెన కూడా లేదు. అవతలి ఒడ్డుకి వెళ్లాలంటే ఫెర్రీ ఎక్కాల్సిందే.

ఇక్కడే నాకు పేచీ. రైన్ కోటల్లో మనం ఫొటోల్లో చూసేవి చాలామటుకు 19వ శతాబ్దంలో మళ్లీ కట్టినవి. పాత శిథిలాల మీద మోజు పుట్టిన రోజులవి. అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యా రాకుమారుడు ఫ్రీడ్రిష్ 1823లో ఒక పాడుబడ్డ కోటని కొని 1829 కల్లా రైన్‌స్టైన్‌గా తయారుచేయించాడు. కోబ్లెంజ్ పక్కన స్టోల్జెన్‌ఫెల్స్ కూడా అంతే, ప్రష్యా పట్టపు యువరాజు చేతికి వచ్చి 1842 నాటికి రాజభవనం అయిపోయింది. నది మీద వెళ్లేవాళ్లు తలెత్తి చూసి ముచ్చటపడాలని కట్టించారు, ఇప్పటికీ అలాగే ముచ్చటగా ఉంటాయి. పడవలో కూర్చుంటే సినిమా సెట్టింగులా ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోతుంటాయి. నడిచేవాడికి మాత్రం ఆ భాగ్యం సగమే. కొండ పైనుంచి చూస్తే కోట మన కాళ్ల కింద ఎక్కడో ఉంటుంది. దగ్గరికి దిగి వెళ్తే గేటు వేసి ఉంటుంది. సాంక్ట్ గోవార్స్‌హౌజెన్ మీదున్న కాట్జ్ కోట ప్రైవేటు ఆస్తి, లోపలికి రానివ్వరు. కౌబ్ ఊరి మీదున్న గూటెన్‌ఫెల్స్ కూడా ప్రైవేటుదే.

అలాగని తీసిపారేయలేం. సాంక్ట్ గోవార్స్‌హౌజెన్ నుంచి లోరెలై బండ మీదుగా కౌబ్ దాకా నడిస్తే రోజు సరిపోతుంది. లోరెలై దగ్గర నది మలుపు చూడటానికి 132 మీటర్ల ఎత్తున నిలబడతాం. ఆ అంచున జనం ఉంటారు, సెల్ఫీ స్టిక్కులు ఉంటాయి. పది నిమిషాలు ముందుకి నడిస్తే మళ్లీ మీరూ ద్రాక్షతోటలే. దారి మాత్రం లెక్కలేనన్నిసార్లు లోయలోకి దింపి మళ్లీ కొండెక్కిస్తుంది. మ్యాప్‌లో దూరం చూసి "ఇంతేనా" అనుకునేవాళ్లకి మధ్యాహ్నానికి మోకాళ్లు సమాధానం చెప్తాయి. చివర్లో కౌబ్ చేరేసరికి నది మధ్య లంక మీద ఫాల్జ్‌గ్రాఫెన్‌స్టైన్ అనే సుంకపు కోట కనిపిస్తుంది. 1814 కొత్త సంవత్సరం రాత్రి ప్రష్యా సేనాని బ్లూషర్ నెపోలియన్ వెంటపడుతూ సైన్యంతో రైన్ దాటింది ఇక్కడే.

నది రెండు వైపులా రైలు పట్టాలే. గూడ్సు బండి వచ్చిందంటే పక్కనున్నవాడి మాట కూడా వినపడదు, ఆ చప్పుడు ఎదుటి కొండకి తగిలి మళ్లీ వస్తుంది. పక్షుల కూతలు వినాలని వచ్చినవాళ్లకి ఇది చిరాకే. కానీ ఆ రైళ్లే ఈ దారికి పెద్ద బలం. ప్రతి కొద్ది కిలోమీటర్లకీ ఒక స్టేషన్ ఉంటుంది. వాన వచ్చినా, పిల్లలు మొరాయించినా, కిందికి దిగి డాయ్చ్‌లాండ్‌టికెట్ అనే నెల పాస్ మీద ఇంటికొచ్చేయొచ్చు. ఆ ధైర్యం ఫాల్జ్‌లో ఉండదు.

శిథిలమే చూడాలి, అదీ రైన్‌లోనే అంటే ఎడమ ఒడ్డున సాంక్ట్ గోవార్ మీదున్న రైన్‌ఫెల్స్ చూడండి. 1245లో మొదలుపెట్టిన కోట. 1692లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ సేన ముట్టడిస్తే లొంగలేదు. అంత కోటని 1794లో ఫ్రెంచ్ విప్లవ సైన్యం వస్తే ఒక్క గుండు పేల్చకుండా అప్పగించేశారు. తర్వాత రెండు మూడేళ్లకి ఫ్రెంచ్‌వాళ్లు దాన్ని పేల్చేశారు. కాంప్-బోర్న్‌హోఫెన్ ఊరి పైనున్న స్టెరెన్‌బెర్గ్, లీబెన్‌స్టైన్ కూడా బాగుంటాయి. పక్కపక్కనే ఉన్న రెండు కోటలు, మధ్యలో అడ్డుగోడ. పడని అన్నదమ్ముల కథ ఒకటి చెప్తారు. ఆస్తి పంపకాల్లో గోడ కట్టుకున్న అన్నదమ్ముల్ని ఎరగని తెలుగువాడు ఉంటాడా.

ఇక ఫాల్జ్. ఫ్రెంచ్ సరిహద్దు దాకా పరుచుకున్న ఫాల్జ్ అడవి, అదే ఫెల్జర్‌వాల్డ్, జర్మనీలో ఒకే ముక్కగా ఉన్న పెద్ద అడవుల్లో ఒకటి, సుమారు 1,770 చదరపు కిలోమీటర్లు. అవతల ఫ్రాన్స్‌లోని వోజ్ కొండలతో కలిపి 1998 నుంచి ఇది రెండు దేశాల ఉమ్మడి బయోస్ఫియర్ రిజర్వు. కొండలు అంత ఎత్తేం కాదు, చాలావరకు ఆరువందల మీటర్ల లోపే. ప్రత్యేకత అంతా ఎర్ర ఇసుకరాయిది. చెట్ల మధ్యనుంచి ఆ రాయి గోడల్లా, స్తంభాల్లా పైకి లేచి ఉంటుంది. హింటర్‌వైడెన్‌టాల్ దగ్గర టోయ్‌ఫెల్స్‌టిష్, అంటే దయ్యం బల్ల, 14 మీటర్ల ఎత్తున ఒంటికాలి మీద నిలబడ్డ బండ. పాతకాలం వాళ్లు ఇలాంటి బండల మీదే కోటలు కట్టారు. కట్టారనేకంటే తొలిచారంటే బాగుంటుంది.

దాన్ అనే ఊరి పక్కన ఒకే రాతి వరుస మీద మూడు కోటలున్నాయి: ఆల్ట్‌దాన్, గ్రాఫెన్‌దాన్, టాన్‌స్టైన్. గోడ ఎక్కడ ఆగిందో, బండ ఎక్కడ మొదలైందో చూపు ఆనదు. కాస్త ఆగి బండ మీద చెయ్యి పెడితే అరచేతికి ఎర్ర ఇసుక అంటుతుంది. నడుం ఎత్తులో వరసగా చదరపు గుంతలు కనిపిస్తాయి. దూలాల చివర్లు దూర్చిన చోట్లవి. చెక్క అంతస్తులు ఎప్పుడో కాలి కూలిపోయాయి, గుంతలు మాత్రం ఉలి గాట్లతో సహా ఉన్నాయి. ఒక గుంత నుంచి ఇంకో గుంతకి గీత గీసుకుంటూ పోతే గది ఎంత ఉండేదో, పైకప్పు ఎక్కడ ఉండేదో మనకే తెలిసిపోతుంది. గైడు అక్కర్లేదు. తిరిగి కట్టిన రైన్ కోటలో ఆ పని మనకోసం ఎవరో చేసిపెట్టేశారు, మనకి చూడటమే మిగులుతుంది. నాకు ఫాల్జ్ నచ్చేది ఇందుకే.

ఊరి చుట్టూ తిరిగే దాన్ ఫెల్జెన్‌ఫాడ్ అనే నడకదారి పన్నెండు కిలోమీటర్ల చిల్లర, బండల సందుల్లోంచి పోతుంది. కోటలు ఆ దారిలో లేవు, విడిగా వెళ్లాలి. రెండూ ఒకేరోజు పెట్టుకుంటే కోటల దగ్గరికి వచ్చేసరికి కాళ్లు పీకుతుంటాయి కాబట్టి కోటలు ముందు చూడటం నయం. మెట్లు ఇరుకు, కొన్నిచోట్ల నిచ్చెనలాంటి ఇనప మెట్లు. ఎత్తంటే భయపడేవాళ్లకి టెన్షనే.

ఇంకా దక్షిణాన నోట్‌వైలర్ అనే చిన్న ఊరి నుంచి నాలుగు కోటల దారి ఉంది. ఈ ప్రాంతంలో ఒక్కటే చూడాలంటే నేను ఇదే చెప్తాను. 572 మీటర్ల ఎత్తున వేగెల్న్‌బుర్గ్, అదే ఫాల్జ్ కోటలన్నిటిలోకీ ఎత్తైనది. అక్కణ్ణుంచి కాస్త నడిస్తే ఒక సరిహద్దు రాయి, అది దాటితే ఫ్రాన్స్. వెంటనే హోయెన్‌బుర్గ్, ఆ పక్కనే 14వ శతాబ్దంలోనే కూల్చేసిన లోవెన్‌స్టైన్, చివర్లో ఫ్లెకెన్‌స్టైన్. మొదటి మూడింటికీ టికెట్టు లేదు, గేటు లేదు, అడిగేవాడు లేడు. ఫ్లెకెన్‌స్టైన్‌కి మాత్రం టికెట్టుంది, దానికి తగ్గట్టే ఉంటుంది: నిలువు బండని లోపల తొలిచి మెట్లు, గదులు చేశారు. 17వ శతాబ్దం చివర్లో ఫ్రెంచ్ సేనలు ఈ చుట్టుపక్కల కోటల్ని వరసపెట్టి పాడుచేశాయి. ఆ తర్వాత ఏ రాకుమారుడూ ఇటు రాలేదు, అదీ మన అదృష్టం.

సరిహద్దు దాటుతున్నట్టు అడవిలో అనిపించదు కానీ మన పాస్‌పోర్టు మీద తిరిగేవాళ్లు పాస్‌పోర్టు, రెసిడెన్స్ పర్మిట్ కార్డు రెండూ జేబులో పెట్టుకోవాలి. వచ్చేటప్పుడు రోడ్డు మీద ఆపి అడగొచ్చు. లోయల్లో సిగ్నల్ పోతుంది, లేదా ఫ్రెంచ్ నెట్‌వర్క్‌కి మారిపోతుంది. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

తిండి విషయంలో ఫాల్జ్‌కి పోటీయే లేదు. ఫెల్జర్‌వాల్డ్ సంఘంవాళ్లు, ఇతరులు నడిపే హట్‌లు, అంటే నడిచేవాళ్లకి తిండి దొరికే చిన్న ఇళ్లు, అడవిలో వందకి పైగా ఉన్నాయి. చాలాచోట్ల పనిచేసేది వాలంటీర్లే. ఈ హట్ సంస్కృతిని 2021లో జర్మనీ తన అమూర్త వారసత్వ జాబితాలో చేర్చుకుంది. కౌంటర్ దగ్గర లైన్లో నిలబడి తెచ్చుకోవడం, పొడవాటి బల్ల మీద ఎవరి పక్కన ఖాళీ ఉంటే అక్కడ కూర్చోవడం. జౌమాగెన్ అంటే పంది మాంసం, తెలియక ఆర్డర్ చేయకండి. బీన్స్ సూపులో కూడా మాంసం పడుతుంది, అడగాలి. శాకాహారులు వైసర్ కేజ్ అడగండి. మన గడ్డపెరుగులాంటి మెత్తటి చీజ్‌లో ఉల్లి, ఆకులు కలిపి బ్రెడ్‌తో ఇస్తారు. డాంప్‌నూడెల్ ఉంటే అదీ తినొచ్చు, అడుగున ఉప్పగా కరకరలాడే ఆవిరి బన్ను. షోర్లే అని ఊరికే అంటే ఇక్కడ వైన్‌లో సోడా కలిపి అరలీటరు గ్లాసుతో ఇస్తారు. కారు నడపాల్సినవాళ్లు ట్రౌబెన్‌సాఫ్ట్ షోర్లే, అంటే ద్రాక్షరసంతో చేసింది, అని స్పష్టంగా చెప్పాలి. నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి, కార్డు అన్నిచోట్లా నడవదు. హట్‌లు కొన్ని వారాంతాల్లోనే తెరుస్తారు. రైన్ దారిలో తినాలంటే ఊళ్లోకి దిగాలి, టూరిస్టు రేట్లు కట్టాలి.

కారు లేనివాళ్లకి ఫాల్జ్ పరీక్షే. దాన్‌కి వెళ్లే చిన్న లైన్ మీద రైలు సీజన్‌లో, కొన్ని రోజుల్లోనే తిరుగుతుంది. నోట్‌వైలర్‌కి ఆదివారం బస్సు నమ్ముకుని వెళ్తే చీకటి పడేదాకా బస్టాపులో కూర్చోవాల్సి రావచ్చు.

అమ్మానాన్నల కోసం అనుకున్న ఎల్ట్జ్ గురించి చెప్పాల్సింది కొంచెమే. మోజెల్‌కెర్న్ స్టేషన్ నుంచి వాగు పక్కనే సుమారు ఐదు కిలోమీటర్లు, చివర్లో తప్ప పెద్ద ఎక్కుడు లేదు. నడవలేనివాళ్లు కారులో పైనుంచి వచ్చి షటిల్ బస్సు ఎక్కొచ్చు. ఎనిమిది శతాబ్దాలకి పైగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న కోట, ఎప్పుడూ కూలలేదు. పాత 500 మార్కుల నోటు మీదుండే బొమ్మ ఇదే. శిథిలం కూడా కావాలంటే ఎదుటి కొండ మీద ట్రుట్జెల్ట్జ్ ఉంది. ఎల్ట్జ్‌వాళ్లని లొంగదీయడానికి ట్రియర్ ఆర్చ్‌బిషప్ బాల్డుయిన్ 1330ల్లో కట్టించిన కోట అది. ముట్టడించిన కోట శిథిలమైంది, ముట్టడికి గురైన కోట నిక్షేపంగా ఉంది. చలికాలంలో ఎల్ట్జ్ లోపలికి అనుమతి లేదు, వేసవి సెలవుల్లో లైన్లు బారెడు.

ఎక్కడికి వెళ్లినా అక్టోబర్ మంచి నెల. రైన్ ద్రాక్షతోటలు పసుపు తిరుగుతాయి, ఫాల్జ్ తూర్పు అంచున చెస్ట్‌నట్లు దారి నిండా రాలి ఉంటాయి. చలి తగ్గాక గడ్డిలో నడిస్తే ఇంటికొచ్చాక ఒంటి మీద రక్తం పీల్చే చిన్న పురుగులు, అదే జెకెన్, ఉన్నాయేమో మోకాళ్ల వెనక, చంకల్లో వెతుక్కోవాలి. వానపడ్డాక ఇసుకరాయి మెట్లు జారతాయి, స్పోర్ట్స్ షూ చాలదు.

కారు లేదు, ఫాల్జే చూడాలంటే అన్‌వైలర్‌కి వెళ్లండి. లాండౌ, పిర్మాజెన్స్ మధ్య లైన్లో స్టేషన్ ఉంది, దిగి నేరుగా అడవిలోకి ఎక్కొచ్చు. ఊరి మీద వరసగా మూడు కొండలు, మూడింటి మీదా కోటలు: ట్రిఫెల్స్, అనెబోస్, షార్ఫెన్‌బెర్గ్. అందరూ ట్రిఫెల్స్‌కే పోతారు. ఇంగ్లండ్ రాజు రిచర్డ్‌ని 1193లో జర్మన్ చక్రవర్తి ఆరో హెన్రీ బంధించి ఉంచింది అక్కడే మరి. కాకపోతే ఇప్పుడు కనిపించే భవనంలో చాలా భాగం నాజీల కాలంలో 1938లో మొదలుపెట్టి కట్టింది. ముందు షార్ఫెన్‌బెర్గ్‌కి వెళ్లి, ఎవరూ ముట్టుకోని ఆ బురుజు కింద డబ్బా విప్పి పులిహోర తినండి. ట్రిఫెల్స్ టికెట్టు సంగతి ఆ తర్వాత ఓపికుంటే చూసుకోవచ్చు.