సదరం సర్టిఫికెట్ ఏజెంట్లతో జాగ్రత్త: తిరుపతి, చిత్తూరు తల్లిదండ్రులకి

మా పాపకి ఆరేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. మెడ ఇంకా సరిగ్గా నిలవదు, ఎక్కడికెళ్లినా ఎత్తుకునే తిరగాలి. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంత శాతమో చెప్పే ప్రభుత్వ ధ్రువపత్రం) చేయిస్తానన్న ఏజెంటుకి 9,500 రూపాయలు సమర్పించుకున్నాం. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, అయినా రాస్తున్నా.

ఆయన తగిలింది తిరుపతిలో ఓ జిరాక్స్ షాపు దగ్గర. ఆధార్ కాపీలు తీయిస్తుంటే భుజం మీద పాపని చూసి పలకరించాడు. "ఎన్నాళ్లని తిరగతారు సార్ బిడ్డనెత్తుకోని? క్యాంపు దాకా పోయే పనే లేదు. తొంభై శాతం ఏయిస్తా, నెలకి పదైదు వేలు ఇంటికే వస్తాది" అన్నాడు. అప్పటికే డాక్టర్ల పరీక్షకి స్లాట్ కోసం సచివాలయానికి రెండుసార్లు వెళ్లి, అయిపోయాయంటే తిరిగొచ్చాం. మా ఆవిడ వద్దంటూనే ఉంది. తలూపింది నేనే.

సర్టిఫికెట్‌కి 5,000, యూడీఐడీ కార్డుకి (కేంద్రం ఇచ్చే వికలాంగుల గుర్తింపు కార్డు) 1,500, నిరామయ అనే ఆరోగ్య ఇన్సూరెన్స్‌కి 3,000 అని లెక్క చెప్పాడు. మూడు వారాల్లో కాగితాలు చేతిలో పెట్టాడు. పాప పేరు, ఫోటో, ఆధార్ నంబరు అన్నీ సరిగ్గా ఉండేసరికి ఆ రోజు స్వీట్లు కూడా తెచ్చుకున్నాం.

సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ ఆ సదరం నంబరు కొడితే వివరాలు లేవని వచ్చింది. ఒక్కో అంకె పైకి చదువుకుంటూ మళ్లీ కొట్టాడు. అదే జవాబు. కాగితం తీసుకెళ్లి కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని చూశాడు. "అన్నా, ఇది వేసిన ముద్ర కాదు. సంతకం, ముద్ర రెండూ కలిపి కలర్ ప్రింట్ తీసినారు" అన్నాడు. పాప నా భుజం మీదే నిద్రపోతోంది. ఏం మాట్లాడాలో తోచలేదు.

అసలు సంగతులు ఆ కుర్రాడే కూర్చోబెట్టి చెప్పాడు. శాతం వేసేది డాక్టర్లు, అదీ బిడ్డని చూశాకే. బిడ్డని చూపించకుండా సర్టిఫికెట్ వస్తుందని ఎవరన్నా అంటే అక్కడే లేచి వచ్చేయండి. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 6,000. దానికి కనీసం 40 శాతం ఉండాలి. 15,000 అనేది పూర్తిగా మంచానికో వీల్‌చైర్‌కో పరిమితమైన వాళ్లకి మాత్రమే. 2025లో ఈ పింఛన్లన్నీ డాక్టర్లతో మళ్లీ తనిఖీ చేయించారు కూడా. దొంగ కాగితంతో ఒకవేళ పింఛను వచ్చినా, అప్పుడు దొరికిపోయేది ఏజెంటు కాదు, మనం.

యూడీఐడీకి స్వావలంబన్ పోర్టల్‌లో అప్లై చేయడానికి ఫీజు లేదు. నిరామయ నిజంగానే మంచి పథకం, ఏడాదికి లక్ష దాకా కవర్ ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా అందులోకి వస్తుంది. చేరడానికి బీపీఎల్ కుటుంబానికి 250, మిగతావాళ్లకి 500. మా దగ్గర లాగింది మూడు వేలు! పైగా అది ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికే. అదే ఏజెంటు మా ముందే వినికిడి లోపం మాత్రమే ఉన్న పిల్లాడి నాన్నకి కూడా నిరామయ అంటగట్టబోయాడు. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది.

స్లాట్లు దొరకడం కష్టమన్నది మాత్రం నిజం, దాన్ని కాదనను. ఏజెంట్ల బతుకు నడిచేది అక్కడే. అయితే సర్టిఫికెట్ వచ్చేదాకా థెరపీ ఆపుకోనక్కర్లేదు. మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం ఉంటుంది, తిరుపతిలో టీటీడీ వాళ్ల బర్డ్ ఆసుపత్రి ఉంది. సర్టిఫికెట్ రానీ, తర్వాత చూద్దాం అని మేం ఆర్నెల్లు ఊరికే పోగొట్టుకున్నాం. డబ్బు కంటే నాకు అదే ఎక్కువ బాధ.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాం, పోలీసులకీ చెప్పాం. ఆయన ఫోన్ స్విచాఫ్. 9,500లో 2,000 మాత్రమే ఫోన్‌పే చేశాను, మిగతాదంతా "క్యాష్ అయితే పని తొందరగా అవుతాది" అని చేతికే తీసుకున్నాడు. అందుకని మా దగ్గర రుజువున్నది ఆ రెండు వేలకే. మీలో ఎవరైనా ఇలాగే ఇచ్చి ఉంటే చాట్‌లు, పేమెంట్ స్క్రీన్‌షాట్లు డిలీట్ చేయకండి. ఆ దొంగ సర్టిఫికెట్ కూడా కోపంలో చింపేయకండి, ఫిర్యాదుకి ముందు అడిగేది దాన్నే.