కొత్తదని అమ్మిన డార్ట్ కోర్సులో పాత సింటాక్స్: కొనబోయేవారికి హెచ్చరిక

డార్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషను మొదటి నుంచి పద్ధతిగా నేర్చుకోవాలని డబ్బు చెల్లించి ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాను. అమ్మకపు పేజీలో ‘ఈ నెలలోనే నవీకరించబడింది’ అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. లోపలికి వెళ్లి చూస్తే సగానికి పైగా పాఠాలు 2021 మార్చికి ముందున్న డార్ట్‌లో చెప్పినవి, వాటిలోని ప్రోగ్రాములను నేటి కంపైలర్ (రాసిన కోడ్‌ను యంత్రం నడిపే రూపంలోకి మార్చే ప్రోగ్రాం) చాలా చోట్ల ఒప్పుకోదు. ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి అమ్మినవారి పేరు రాయడం లేదు. ఇదే తరహా కోర్సులు వేరే చోట్ల కూడా నాకు కనిపించాయి గనుక, పేరు చెప్పడం కంటే వాటిని గుర్తుపట్టే విధానం చెప్పడమే కొనేవారికి ఎక్కువ ఉపయోగపడుతుంది.

2021 మార్చి అని ప్రత్యేకంగా ఎందుకు అంటున్నానో కొత్తవారికి చెప్పాలి. గూగుల్ 2011లో ప్రకటించిన ఈ భాషకు 1.0 వెర్షన్ 2013లోనూ, 2.0 వెర్షన్ 2018లోనూ వచ్చాయి. ఒకసారి రాసిన కోడ్‌ను ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, మ్యాక్, లినక్స్, వెబ్ అన్నిటికీ వాడుకోవచ్చుననే ఆశతోనే చాలామంది దీని దగ్గరకు వస్తారు, నేనూ అలాగే వచ్చాను. 2021 మార్చిలో విడుదలైన 2.12 వెర్షన్‌తో ‘నల్ సేఫ్టీ’ అనే నియమం వచ్చింది. అంతకు ముందు ఏ వేరియబుల్‌లోనైనా (విలువను దాచుకునే పేరులోనైనా) విలువకు బదులు నల్, అంటే ‘ఏమీ లేదు’ అన్నది ఉండవచ్చు. ఆ తర్వాత ‘ఇంట్’ అని రాస్తే అందులో పూర్ణాంకమే ఉండాలి, నల్ కూడా ఉండవచ్చునని చెప్పదలచుకుంటే ఆ రకం పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాలి. 2023 మేలో వచ్చిన డార్ట్ 3 ఈ నియమాన్ని తప్పనిసరి చేసి, పాత పద్ధతిలో రాసుకునే దారిని పూర్తిగా మూసేసింది. కాబట్టి 2019లో రికార్డు చేసిన పాఠం కేవలం పాతబడిన పాఠం కాదు, వేరియబుల్‌ను ప్రకటించే మొదటి అడుగులోనే నేటి భాషతో విభేదించే పాఠం.

నాకు మొదటి దెబ్బ అక్కడే తగిలింది. మూడో విభాగం మొదటి వీడియోలో బోధకుడు మెయిన్ ఫంక్షన్ లోపల ‘ఇంట్ కౌంట్’ అని రాసి, విలువ ఏమీ ఇవ్వకుండా సెమీకోలన్ పెట్టి, కింది వరుసలో దాన్ని ప్రింట్ చేశారు. ఆయన తెరమీద ‘నల్’ అని వచ్చింది. ‘విలువ ఇవ్వకపోతే డార్ట్ తానే నల్ పెట్టుకుంటుంది, గుర్తుంచుకోండి’ అన్నారు. అవే రెండు వరుసలు నేను రాస్తే ప్రోగ్రాం అసలు నడవలేదు, విలువ ఇవ్వకముందే ఈ వేరియబుల్‌ను వాడుతున్నారంటూ ప్రింట్ వరుస కింద ఎర్రగీత పడింది. కొత్తగా నేర్చుకునేవాడికి తప్పు పాఠంలో ఉందన్న ఆలోచన రాదు. ఎక్కడో ఒక అక్షరం తప్పు రాశానేమోనని రెండు సాయంత్రాలు ఆ రెండు వరుసలనే మళ్లీ మళ్లీ టైపు చేశాను. చివరికి వీడియోను ఆపి, బోధకుడి టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే కిటికీ) మూలలో ఉన్న అంకెలను పెద్దవి చేసి చూస్తే అక్కడ డార్ట్ 2.7 అని ఉంది. అది 2019 డిసెంబరు నాటి వెర్షన్.

తర్వాతి పాఠం వాడుకరి నుంచి ఒక సంఖ్య తీసుకోవడం. కీబోర్డు నుంచి ఒక వరుస చదివే ఫంక్షన్ ఇచ్చినదాన్ని నేరుగా, అక్షరాలను పూర్ణాంకంగా మార్చే ‘ఇంట్ డాట్ పార్స్’లో పెట్టి చూపించారు. నేటి డార్ట్‌లో ఆ ఫంక్షన్ ఇచ్చేది ఉత్త స్ట్రింగ్ (అక్షరాల వరుస) కాదు, ప్రశ్నార్థకంతో కూడిన స్ట్రింగ్, అంటే నల్ కావడానికి అవకాశం ఉన్నది. ‘పార్స్’ దాన్ని తీసుకోదు. ప్రశ్నల విభాగంలో ఈ సంగతి రాస్తే, చివర ఒక ఆశ్చర్యార్థకం పెడితే సరిపోతుందని ఒకే వాక్యంలో సమాధానం వచ్చింది. పెట్టాను, ఎర్రర్ పోయింది. కానీ ఆ గుర్తుకు అర్థం ‘ఇది నల్ కాదని నేను హామీ ఇస్తున్నాను’ అని కంపైలర్‌తో చెప్పడం. ఆ హామీ తప్పితే ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ అక్కడే కూలిపోతుంది. నమ్మకం లేనివారు ఆ ప్రోగ్రామును నడిపి, సంఖ్యకు బదులు లినక్స్‌లోనో మ్యాక్‌లోనో కంట్రోల్‌తో డి, విండోస్‌లో కంట్రోల్‌తో జెడ్ నొక్కి ఎంటర్ కొట్టి చూడవచ్చు. ఇన్‌పుట్ ముగిసిందన్న సంకేతం అందగానే ఆ ఫంక్షన్ నల్ ఇస్తుంది, ప్రోగ్రాం ఆగిపోతుంది. నల్ వస్తే ఏమి చేయాలో రెండు ప్రశ్నార్థకాల ఆపరేటర్‌తో చెప్పడమో, ముందుగా ఇఫ్‌తో పరీక్షించడమో నేర్పవలసిన చోట, నోరు మూయించే గుర్తును నేర్పారు. పాత వీడియో అమ్మడం కంటే ఇదే నాకు ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే ఇది అలవాటుగా మారిపోయే తప్పు.

మరొక విద్యార్థి ఇదే విషయం అడిగితే, కోర్సువారు ఫైలు మొదటి వరుసలో 2.9 వెర్షన్ కోరే ఒక కామెంట్ రాసుకోమన్నారు. ఒకప్పుడు అది పనిచేసిన మాట నిజమే. డార్ట్ 3 మాత్రం 2.12 కంటే పాత వెర్షన్ నియమాలను అంగీకరించదు, కాబట్టి ఆ సలహాతో ఒక ఎర్రర్ బదులు మరొకటి వస్తుంది. ‘న్యూ లిస్ట్’ అని రాసి ఖాళీ జాబితా తయారుచేసే పాఠానిదీ ఇదే కథ: ఆ కన్‌స్ట్రక్టర్ ఇప్పుడు లేదు, రెండు చదరపు బ్రాకెట్లు రాస్తే చాలు.

ఇక కోర్సు శీర్షికలోనే ఉన్న ‘అన్ని ప్లాట్‌ఫారాలకూ ఒకే కోడ్’ అన్న మాట. ఏమీ ఇన్‌స్టాల్ చేయనవసరం లేదు, బ్రౌజర్‌లో నడిచే డార్ట్‌ప్యాడ్ చాలునని మొదటి వీడియోలో చెప్పారు. పైన చెప్పిన కీబోర్డు పాఠం డార్ట్‌ప్యాడ్‌లో ఎన్నటికీ నడవదు, ఎందుకంటే అందుకు కావలసిన ‘డార్ట్ ఐఓ’ లైబ్రరీ బ్రౌజర్‌లో ఉండదు. పదిని రెండుతో భాగించే లెక్క కూడా చూడండి. డార్ట్‌లో మామూలు భాగహారం గుర్తు ఎప్పుడూ దశాంశ సంఖ్యనే ఇస్తుంది కాబట్టి బోధకుడి తెరమీద 5.0 వచ్చింది. డార్ట్‌ప్యాడ్‌లో నాకు 5 అని వచ్చింది. వెబ్‌లో డార్ట్ సాధారణంగా జావాస్క్రిప్ట్‌గా మారి నడుస్తుంది, అక్కడ పూర్ణాంకానికీ దశాంశ సంఖ్యకూ వేరువేరు రూపాలు లేవు గనుక ఈ తేడా వస్తుంది. ఇది భాష లోపం కాదు, డార్ట్ పత్రాల్లో రాసి ఉన్న విషయమే. అన్ని ప్లాట్‌ఫారాల పేరు చెప్పి అమ్మిన కోర్సులో దీని గురించి ఒక్క మాట కూడా లేకపోవడమే నా అభ్యంతరం.

డబ్బు వాపసు సంగతికి వస్తే, అమరిక చాలా తెలివిగా ఉంది. వాపసు గడువు 14 రోజులు. విభాగాలు వారానికి ఒకటి చొప్పున తెరుచుకుంటాయి. పరిచయం, ఇన్‌స్టాల్ చేయడం ఉన్న మొదటి రెండు విభాగాలు నిజంగానే కొత్తగా రికార్డు చేసినవి, ఉచితంగా చూపించే నమూనా వీడియో కూడా వాటిలోనిదే. పాత పాఠాలు మొదలయ్యే మూడో విభాగం నాకు తెరుచుకున్నది 15వ రోజున. అది కాకతాళీయమో కాదో తేల్చే ఆధారం నా దగ్గర లేదు, నా అనుమానం మాత్రం చెప్పకనే తెలుస్తుంది. రేటింగ్ ఇవ్వమని అడిగేది మొదటి విభాగం పూర్తికాగానే, అందుకే పేజీ నిండా అయిదు నక్షత్రాలు కనిపిస్తాయి. నవీకరణ తేదీ విషయం అడిగితే, ఒక పరిచయ వీడియో మార్చినందువల్ల తేదీ మారిందని వారే ఒప్పుకున్నారు.

అందుచేత కొనేముందు నవీకరణ తేదీని నమ్మకండి, పాఠాల జాబితా చూడండి. నల్ సేఫ్టీ అన్న పేరుతో పాఠం లేకపోయినా, అది చివర ‘అదనపు అంశాలు’ కింద ఒక్క చిన్న వీడియోగా ఉన్నా, మిగిలిన పాఠాలు దానికి ముందు తీసినవని అనుకోవచ్చు. డార్ట్ 3తో వచ్చిన రికార్డులు, ప్యాటర్న్‌ల ప్రస్తావన ఉందేమో చూడండి. నమూనా వీడియో మొదటి విభాగంలోనిది కాకుండా మధ్యలోని ఒక పాఠం చూపించమని అడగండి. చూపిస్తే, ప్రతి ఆబ్జెక్ట్ ముందూ ‘న్యూ’ అన్న పదం ఉందేమో, ప్యాకేజీల కోసం ‘డార్ట్ పబ్’ అని కాకుండా విడిగా ‘పబ్’ అనే కమాండ్ వాడుతున్నారేమో గమనించండి. ‘న్యూ’ రాయడం ఎర్రర్ కాదు, కానీ 2018 నుంచి అవసరం లేని ఆ పదాన్ని ఈ రోజుల్లో అలవాటుగా రాసేవారు అరుదు. విభాగాలన్నీ కొన్న రోజే తెరుచుకుంటాయో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఇప్పటికే ఇలాంటిది కొని ఇరుక్కున్నవారు మొత్తం పారవేయనవసరం లేదు. లూపులు, ఇఫ్ షరతులు, స్ట్రింగ్‌లో డాలర్ గుర్తుతో విలువ చొప్పించడం వంటి పాఠాలు నేటికీ చెల్లుతాయి. వేరియబుల్స్, జాబితాలు, క్లాసుల కన్‌స్ట్రక్టర్లు, ఇన్‌పుట్ పాఠాలను మాత్రం పక్కన పెట్టి, ఆ భాగాలను డార్ట్ అధికారిక సైటులో ఉచితంగా ఉన్న భాషా పరిచయంలో చదువుకోండి. నేను ప్రస్తుతం అలాగే చేస్తున్నాను. వాపసు కోసం పెట్టిన రెండో అర్జీకి, నడవని ప్రోగ్రాముల స్క్రీన్‌షాట్లు, వీడియోలో వెర్షన్ కనిపించే నిమిషం, సెకను జతచేసి పంపాను. దానికి ఇంకా జవాబు రాలేదు.